మందు, మెదడు: జనం నమ్మేవాటిలో ఏది నిజం?

పల్లెదవాఖానా_సిస్టర్

అందరికీ నమస్కారం. మా సబ్‌సెంటర్ పరిధిలోని ఆశా కార్యకర్తలకూ మహిళా సంఘాల లీడర్లకూ మద్యం గురించి ఒక పూట శిక్షణ పెడుతున్నాం. లివర్ సంగతి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కామెర్లు, కడుపు ఉబ్బడం ఊళ్లో చూస్తూనే ఉన్నారు. మెదడు దగ్గరికి వచ్చేసరికే ఒక్కొక్కరిది ఒక్కో మాట. ముందుగా అడిగి రాసుకున్నవి ఇవి:

పెగ్గు పెగ్గుకూ మెదడు కణాలు చచ్చిపోతాయి, మళ్లీ రావు. ఎంత తాగినా తూలని మనిషికి ఏమీ కాదు. బీరూ కల్లూ మందు కిందికి రావు. మజ్జిగో నిమ్మరసమో తాగించి తల మీద చన్నీళ్లు పోస్తే దిగిపోతుంది. రాత్రి ఒక పెగ్గు వేస్తే నిద్ర బాగా పడుతుంది. తాగినోడు అబద్ధం చెప్పడు. రోజూ తాగేవాడు ఒక్కసారి మానేస్తే ప్రాణానికే ముప్పు అని కొందరంటే, గదిలో పెట్టి తాళం వేస్తే మూడు రోజుల్లో దారికొస్తాడని ఇంకొందరు. నీరసపడితే ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే చాలన్నది దాదాపు అందరి మాట.

వీటిలో ఏది ఎంతవరకు నిజమో, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లినప్పుడు ఏం గమనించాలో తెలిసినవాళ్లు చెప్పండి. భయపెట్టే మాటలు వద్దు, పనికొచ్చేవి కావాలి.

న్యూరో_వరంగల్

సిస్టర్, కణాల సంగతి నేను చెప్తాను. ఇది తప్పుగా చెబితే మిగతావన్నీ తప్పుదారి పడతాయి.

పెగ్గుకు ఇన్ని వేల కణాలు పోతాయన్న లెక్కకు ఆధారం లేదు. స్పిరిట్ కణాన్ని చంపే మాట నిజమే, కానీ అది 70 శాతం గాఢతలో. బాగా తూలుతున్న మనిషి రక్తంలో మద్యం 0.15 శాతం దగ్గర ఉంటుంది. 0.4 శాతానికి చేరితే ఊపిరే ఆగిపోవచ్చు. 1993లో డెన్మార్క్ పరిశోధకులు బాగా తాగి చనిపోయినవాళ్ల మెదళ్లలోనూ, తాగనివాళ్ల మెదళ్లలోనూ పైపొర కణాలను లెక్కగట్టి చూస్తే మొత్తం సంఖ్యలో తేడా కనిపించలేదు. తగ్గింది వైట్ మ్యాటర్. అంటే ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే పోగులు, వాటి మీది పూత. కణం బతికే ఉంటుంది, కానీ దాని కొమ్మలు కుదించుకుపోతాయి, కబురు నెమ్మదిగా చేరుతుంది. ఆలోచన మందగించడం, ఒకేసారి రెండు పనులు పట్టుకోలేకపోవడం, చిన్నదానికే కోపం రావడం అక్కడినుంచే.

అలాగని కణాలు అసలు చావవని కూడా చెప్పకండి. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో చిన్నమెదడు పైభాగంలో, నడకను సరిచూసే చోట, కణాలు నిజంగానే పోతాయి. దీన్ని ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. పొద్దున, ఇంకా తాగకముందు, గోడ పక్కన నిలబెట్టి ఒక పాదం మడమను ఇంకో పాదం బొటనవేలికి ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. మీరు పక్కనే ఉండండి, పడిపోవచ్చు. తాగకుండానే అడుగు పక్కకు పడుతుంటే, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే అది నిన్నటి మత్తు కాదు. అరికాళ్లు మొద్దుబారినా ఇలాగే తూలతారు కాబట్టి స్పర్శ కూడా చూడండి. రెండింటిలో ఏదైనా పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

"మళ్లీ రావు" అన్నది సగం తప్పు. మానేసిన మొదటి నెలలోనే స్కాన్‌లో మెదడు పరిమాణం కొంత పుంజుకోవడం కనిపిస్తుంది. శ్రద్ధ, ఆలోచన వేగం ఆ తర్వాత నెలల తరబడి, కొందరిలో ఏడాది దాకా మెరుగవుతూ వస్తాయి. చిన్నమెదడులో పోయిన కణాలు, బీ1 విటమిన్ లోపంతో పడిన దెబ్బ మాత్రం పూర్తిగా వెనక్కి రావు. శిక్షణలో ఇది తప్పకుండా చెప్పండి. "ఎలాగూ కణాలు పోయాయి, ఇప్పుడు మానేసి ఏం లాభం" అనేవాడికి జవాబు ఇదే.

డీఅడిక్షన్_విశాఖ

సిస్టర్ గారూ, మీ పట్టికలో ప్రాణాల మీదికి తెచ్చేది గదికి తాళం వేసే మాట. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మద్యం మెదడులో శాంతపరిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్ అనే రసాయనం పనిని తగ్గిస్తుంది. రోజూ తాగేవాడి మెదడు దీన్ని సరిచేసుకోవడానికి గాబాకు స్పందించడం తగ్గించి, గ్లుటమేట్ గ్రాహకాలను పెంచుకుంటుంది. రోజూ ఎవరో తలుపును బయటినుంచి నెడుతుంటే లోపలివాడు ఎదురు తోసినట్టు. బయటి చెయ్యి ఒక్కసారిగా తీస్తే లోపలివాడు ముందుకు పడతాడు. మానేసినప్పుడు వచ్చే వణుకు, దడ, ఫిట్స్ ఆ ఎదురుతోపే తప్ప బలహీనతో నటనో కాదు.

సమయాలు గుర్తుంచుకోమనండి. చివరి గుక్క తర్వాత 6 నుంచి 12 గంటల్లో చేతుల వణుకు, చెమట, వాంతులు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య డెలీరియం: మనిషికి ఊరూ వేళా తెలియదు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేనివాళ్లతో మాట్లాడతాడు, జ్వరం, బీపీ పెరుగుతాయి, చెమటకు బట్టలు తడిసిపోతాయి. ఊళ్లలో దీన్నే గాలి సోకింది అనుకుని తాయెత్తు కట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వైద్యం అందకపోతే ఈ దశలో మనుషులు చనిపోతారు. మూడు రోజులు తాళం వేయడమంటే సరిగ్గా ఈ ప్రమాదపు గంటలన్నీ డాక్టరు లేకుండా గడపడమే. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూసేసిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్లు వరసకట్టారు.

కాబట్టి "ఒక్కసారి మానేస్తే ముప్పు" అనేవాళ్ల మాటలో నిజం ఉంది, కానీ అందరికీ కాదు. వారానికోసారి తాగేవాడు ఈరోజే మానేయొచ్చు. పొద్దున లేవగానే చెయ్యి వణికి, ఒక గుక్క పడితే కుదురుకునేవాడు, రోజూ క్వార్టరు దాటి తాగేవాడు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాడు డాక్టరు దగ్గరే మానాలి. అంతకుముందు ఒక్కసారి ఫిట్స్ వచ్చినా చాలు, ఇంటి వైద్యం మాట ఎత్తకండి. మానడం, మళ్లీ పట్టడం జరిగిన కొద్దీ తర్వాతిసారి మానినప్పుడు వచ్చే ఈ లక్షణాలు (విత్‌డ్రాయల్) ఇంకా ముదురుగా వస్తాయి. ఆసుపత్రికి చేరడం ఆలస్యమయ్యేలా ఉంటే, ఆ లోపు పూర్తిగా ఆపించేయడం కంటే తగ్గించి తాగనివ్వడమే తక్కువ ప్రమాదం. ఇది వినడానికి ఇబ్బందిగా ఉన్నా ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన మాటే.

ఆసుపత్రిలో చేసేది పెద్ద రహస్యం కాదు. వణుకు, చెమట, కంగారు వంటి పది అంశాలకు మార్కులు వేస్తారు, మొత్తం 67. 8 లోపు ఉంటే తేలిక, 15 దాటితే గట్టి కేసు. దాన్ని బట్టి క్లోర్‌డయాజెపాక్సైడ్ లేదా డయాజెపామ్, లివర్ బాగా చెడిపోయి ఉంటే లొరాజెపామ్ ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం, పది రోజుల్లో ఆపేస్తారు. ఈ గోళీలు ఇంట్లో సొంతంగా వేయొద్దు. వీటి మీద మళ్లీ మందు పడితే ఊపిరి ఆగుతుంది.

కల్లు గురించి ఒక మాట. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో దాడులు పెరిగి ఆ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం వచ్చారు. అది కల్లు మానడం కాదు, మత్తుగోళీ మానడం. దాని లక్షణాలు ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు ఉంటాయి. కల్లు తాగేవాళ్ల విషయంలో నాలుగు రోజులు గడిచాయి కదా అని వదిలేయకండి.

ఇక తూలని మనిషి. అది గట్టి మెదడు కాదు, పైన చెప్పిన ఎదురుతోపు బాగా పెరిగిన మెదడు. తూలడు, మాట తడబడదు, దాంతో ఇంకా తాగుతాడు. లివర్‌కూ చిన్నమెదడుకూ చేరే మద్యం మాత్రం తాగినంతా చేరుతుంది. ముందు హాఫ్ తాగినా చెక్కుచెదరనివాడు ఇప్పుడు రెండు పెగ్గులకే తూలుతున్నాడంటే మంచిది కాదు. లివర్ దెబ్బతిని ఉండవచ్చు, వెంటనే చూపించాలి.

పల్లెదవాఖానా_సిస్టర్

ధన్యవాదాలు డాక్టర్ గారూ. తగ్గించి తాగనివ్వడం గురించి మీరు ధైర్యంగా చెప్పారు, మా దగ్గర ఎవరూ నోరు విప్పరు. గ్లూకోజ్ బాటిల్ సంగతి ఎవరైనా చెప్తారా? ఊళ్లో ఆర్‌ఎంపీలు ముందు చేసే పని అదే.

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ

సిస్టర్, గ్లూకోజ్ మెదడులో శక్తిగా మారాలంటే బీ1 విటమిన్, అంటే థయమిన్, తప్పనిసరి. రోజూ తాగేవాడు అన్నం సరిగ్గా తినడు, తిన్నా పేగు బీ1ని సరిగ్గా పీల్చుకోదు. ఒంట్లో దాని నిల్వే 30 మిల్లీగ్రాముల దగ్గర, రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. ఆ స్థితిలో ఒట్టి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) బాటిళ్లు ఒకదాని వెనక ఒకటి ఎక్కిస్తే మిగిలిన కాస్త బీ1 కూడా ఖర్చయి వెర్నికీ ఎన్‌కెఫలోపతి, అంటే బీ1 లేక మెదడుకు తగిలే దెబ్బ, బయటపడుతుంది. కార్ల్ వెర్నికీ దీన్ని 1881లోనే రాశాడు. లక్షణాలు మూడంటారు: అయోమయం, చూపు నిలవకపోవడం లేదా కనుగుడ్డు పక్కకు తిరగకపోవడం, నడక తూలడం. మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. తాగే మనిషిలో ఒక్కటి కనిపించినా వెర్నికీ అనుకునే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే అది కోర్సకాఫ్ అనే మతిమరుపు జబ్బుగా మారుతుంది: పాత సంగతులు చెప్తాడు కానీ పది నిమిషాల కిందటిది నిలవదు, ఖాళీలను కల్పించి పూరిస్తాడు. ఇంట్లోవాళ్లు అబద్ధాలాడుతున్నాడని కొడతారు. అది అబద్ధం కాదు, జబ్బు.

వరస ఇలా ఉండాలి. గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. ఖాళీ కడుపుతో తాగితే షుగర్ బాగా పడిపోయి ఫిట్స్ రావచ్చు. షుగర్ 70 లోపు ఉంటే గ్లూకోజ్ ఆలస్యం చేయొద్దు, దానితోపాటే థయమిన్ సూది ఇవ్వాలి. షుగర్ బాగుంటే ముందు థయమిన్ 100 మిల్లీగ్రాములు, తర్వాతే గ్లూకోజ్. నీరసానికైతే నార్మల్ సెలైన్ సరిపోతుంది. వెర్నికీ అనుమానం ఉంటే 100 చాలదు. 500 మిల్లీగ్రాములను 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కలిపి అరగంటలో, రోజుకు మూడుసార్లు ఎక్కిస్తాం. ఇది ఆసుపత్రి పని. అంత ఇచ్చినా మార్పు రాకపోతే మెగ్నీషియం చూడాలి, అది తక్కువుంటే బీ1 పని చేయదు.

ఈ జబ్బు మనకు కొత్త కాదు. బెరిబెరి కూడా బీ1 లోపమే. బ్రిటిష్ కాలంలో మన ఉత్తర సర్కారు జిల్లాల్లో మరపట్టిన పచ్చిబియ్యం తినేవాళ్లలో అది బాగా ఉండేది. ఉప్పుడు బియ్యంలో బీ1 గింజలోపలికి ఇంకి ఉంటుంది కాబట్టి అది తినేచోట తక్కువ. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనగానే మొదలైంది. పాలిష్ బియ్యం, పైన మద్యం, కూరలు తక్కువ: మనవాళ్ల పళ్లెంలో ఈ మూడూ కలిసే ఉంటాయి.

ఇంకో రెండు సంగతులు. తాగి పడుకున్నవాడిని "దిగేదాకా పడుకోనీ" అని వెల్లకిలా వదిలేయకండి. చివరి పెగ్గు తర్వాత కూడా గంట, గంటన్నర దాకా రక్తంలో మద్యం పెరుగుతూ ఉండవచ్చు. ఎడమ పక్కకు తిప్పి, పైకాలు మడిచి, గడ్డం కాస్త పైకి ఎత్తి పడుకోబెట్టి, ఒకరు పక్కన కూర్చోవాలి. భుజం గట్టిగా గిల్లినా కదలకపోతే, నిమిషానికి ఊపిరి 8 కన్నా తగ్గితే, రెండు ఊపిరుల మధ్య పది సెకన్లు దాటితే, పెదాలు నీలంగా మారితే 108 పిలవాలి. మజ్జిగ, ఉప్పునీళ్లు, నిమ్మరసం నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చన్నీళ్లు పోస్తే అసలే తగ్గుతున్న ఒంటి వేడి ఇంకా తగ్గుతుంది.

రెండోది తలదెబ్బ. ఏళ్లుగా తాగేవాళ్ల మెదడు కాస్త కుదించుకుపోతుంది, దాంతో పుర్రెకూ మెదడుకూ మధ్యనున్న సిరలు సాగి ఉంటాయి. లివర్ దెబ్బతింటే రక్తం కూడా త్వరగా గడ్డకట్టదు. చిన్న పడిపాటుకే సిర తెగి, రెండు మూడు వారాలపాటు బొట్టుబొట్టుగా చేరిన రక్తం మెదడును నొక్కుతుంది. తాగని రోజు కూడా మగతగా ఉండటం, రోజురోజుకూ పెరిగే తలనొప్పి, ఒకవైపు చెయ్యి పట్టు తగ్గడం చూస్తే "మందు వల్లే" అనుకోకుండా సీటీకి పంపండి. పుర్రెకు చిన్న రంధ్రం (బర్ హోల్) పెట్టి రక్తం తీసేస్తే చాలామంది లేచి నడుస్తారు. గుర్తించకపోతే పోతారు.

మందుల_కౌంటర్

కొలతలు నేను చెప్తాను, శిక్షణలో బోర్డు మీద రాయడానికి పనికొస్తాయి. మన దగ్గర విస్కీ, బ్రాందీ, రమ్ మామూలుగా 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల పెగ్గులో శుద్ధ మద్యం 10 గ్రాములు, 60 పెగ్గులో 20, క్వార్టర్‌లో 61 గ్రాములు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతమైతే 26 గ్రాములు. అదే 8 శాతం స్ట్రాంగ్ అయితే 41 గ్రాములు, అంటే చిన్న పెగ్గులు నాలుగు. బీరు మందు కాదనేవాళ్లకు ఈ లెక్క చూపించండి. కల్లు పులిసేకొద్దీ మద్యం 4, 5 శాతానికి చేరుతుంది, మామూలు బీరుతో సమానం.

దిగడానికి దగ్గరిదారి లేదు. 60 కిలోల మగమనిషి క్వార్టర్ తాగితే రక్తంలో 100 మిల్లీలీటర్లకు 150 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది. లివర్ గంటకు సుమారు 15 తీస్తుంది, మనిషిని బట్టి 10 నుంచి 20. బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 30. రాత్రి పదికి మొదలుపెట్టినవాడు ఆ హద్దు కిందికి వచ్చేసరికి తెల్లారి ఆరవుతుంది, పూర్తిగా పోయేసరికి ఎనిమిది. కాఫీ నిద్రమత్తును కప్పిపెడుతుంది, మద్యాన్ని తగ్గించదు. మెలకువగా ఉన్నాను కదా అని బండి తీయడమే దానివల్ల జరిగే నష్టం.

గోళీల దగ్గర ఊళ్లో వినిపించే ఒక మాట నాకు చాలా బాధ: "ఈరోజు తాగాను, ఫిట్స్ గోళీ వేసుకోను". వేసుకోవాలి. గోళీ మానడం, మందు దిగడం రెండూ కలిస్తే ఫిట్స్ ఖాయంలా ఉంటుంది. మందుతో కలిస్తే మగత ముదిరేవి వేరే ఉన్నాయి: నిద్రమాత్రలు, ట్రమడాల్, ప్రెగాబలిన్, కొన్ని దగ్గు సిరప్‌లు. హ్యాంగోవర్ తలనొప్పికి పారాసెటమాల్ మింగడం కూడా రోజూ తాగేవాడి లివర్‌కు మంచిది కాదు.

బీ1 కోసం మామూలు బీ-కాంప్లెక్స్ సరిపోతుందనుకుంటారు. వాటిలో చాలావాటిలో బీ1 10 మిల్లీగ్రాముల దగ్గరే. డాక్టరు 100 మిల్లీగ్రాముల థయమిన్ రాస్తే అదే అడిగి తీసుకోవాలి, చీటీ మీద "థయమిన్" అని ఉందో లేదో చూసుకోవాలి.

చివరగా, భర్తకు తెలియకుండా కూరలో కలిపే "మందు మాన్పించే పొడి". అందులో ఉండేది చాలాసార్లు డైసల్ఫిరామ్. అది పడ్డాక మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె లయ తప్పి చనిపోవచ్చు కూడా. గోళీ ఆపిన రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. కొందరిలో మతిభ్రమణ కూడా వస్తుంది. మనిషికి చెప్పి, అతని ఒప్పుకోలుతో, డాక్టరు పర్యవేక్షణలోనే అది వాడాలి.

సందేహం_ఉంది

అందరూ తాగుబోతుల గురించే చెప్తున్నారు. వారానికి రెండు మూడు గ్లాసులు, అందులోనూ రెడ్ వైన్, మెదడుకు మంచిదని చదివాను. అది కూడా అపోహేనా సార్?

న్యూరో_వరంగల్

మంచిదన్న మాట నిలబడలేదండీ. పాత అధ్యయనాల్లో "తాగనివాళ్ల" గుంపులో జబ్బుచేసి మానేసినవాళ్లు కూడా కలిసిపోయారు, దాంతో కొంచెం తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించారు. 2017లో బ్రిటన్‌లో 550 మందిని 30 ఏళ్లు గమనించిన అధ్యయనంలో కొంచెం తాగేవాళ్ల మెదడుకు తాగనివాళ్ల కన్నా రక్షణ ఏమీ కనిపించలేదు. వారానికి 14 నుంచి 21 బ్రిటిష్ యూనిట్లు తాగేవాళ్లలో కుడివైపు హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలు రాసుకునే భాగం) కుదించుకుపోయే అవకాశం మూడు రెట్లు ఉంది. ఒక యూనిట్ అంటే 8 గ్రాములు, మన 60 పెగ్గు రెండున్నర యూనిట్లు. అంటే వారానికి ఆరు నుంచి ఎనిమిది పెద్ద పెగ్గులు, మనం "లిమిట్‌లో తాగుతాడు" అనే మనిషే. 2022లో 36 వేల మందికి పైగా స్కాన్‌లు చూసిన ఇంకో అధ్యయనంలోనూ రోజుకు ఒక యూనిట్ నుంచి రెండుకు పెరిగిన చోట మెదడు పరిమాణంలో తేడా మొదలైంది. ఇవి కారణాన్ని నిరూపించే ప్రయోగాలు కావు, కేవలం పరిశీలనలు. వారానికి రెండు గ్లాసుల దగ్గర తేడా చాలా చిన్నది, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ మెదడు కోసమని మొదలుపెట్టడానికి కారణం మాత్రం లేదు.

సైకాలజీ_ఓపీ

మిగిలిన రెండు మూడు నేను అందుకుంటాను.

తాగినోడు అబద్ధం చెప్పడన్నది నమ్మి ఇళ్లలో ఎన్నో గొడవలు ముదురుతాయి. మద్యం ముందుగా తగ్గించేది నుదుటి వెనక భాగం పనిని, అంటే ఆగి ఆలోచించే పనిని. అందువల్ల దాచుకున్న మాట జారవచ్చు. అదే కారణంగా లేని కోపం, అప్పటికప్పుడు పుట్టిన అనుమానం, అతిశయం కూడా జారతాయి. ఏది దాచుకున్నదో ఏది అప్పుడు పుట్టిందో చెప్పడానికి దారి లేదు. ఏళ్లుగా తాగేవాళ్లలో భార్య మీద అనుమానం ఒక జబ్బుగానే స్థిరపడవచ్చు. తాగని వేళ కూడా ఆ అనుమానం పోకపోతే, ఫోన్ తనిఖీలు, వెంబడించడం మొదలైతే మానసిక వైద్యుడికి వెంటనే చూపించాలి, ఆ ఇల్లాలి భద్రత కూడా చూడాలి.

"రాత్రి జరిగింది గుర్తులేదు" అనేది కూడా నటన అనుకుంటారు. రక్తంలో మద్యం వేగంగా పెరిగితే హిప్పోక్యాంపస్ కొత్త జ్ఞాపకాన్ని రాసుకోవడం ఆపేస్తుంది. మనిషి మాట్లాడతాడు, నడుస్తాడు, బండి కూడా నడుపుతాడు, కానీ ఏదీ నమోదు కాదు. రాసుకోనిదాన్ని తర్వాత గుర్తు చేసుకోవడం కుదరదు. ఖాళీ కడుపుతో గబగబా తాగినప్పుడు, అల్ప్రాజోలం కలిసినప్పుడు ఇది ఎక్కువ. ఇలా మళ్లీమళ్లీ జరుగుతుంటే, రోజూ తాగకపోయినా సరే, కౌన్సెలింగ్‌కు పంపండి.

నిద్ర: పెగ్గు త్వరగా పడుకోబెడుతుంది, నిజమే. మొదటి సగంలో కలల నిద్రను తొక్కిపెట్టి, మద్యం దిగేకొద్దీ రెండోసగాన్ని ముక్కలు చేస్తుంది. మూడింటికి మెలకువ, దడ, మూత్రం. గురకపెట్టేవాళ్లకు ఊపిరి ఆగడం పెరుగుతుంది. రోజూ వేసేవాడికి కొన్నాళ్లకే ఆ ఒక్క పెగ్గు చాలదు.

పల్లెదవాఖానా_సిస్టర్

చాలా సంతోషం అందరికీ. సైకాలజీ మేడమ్, చివరి ప్రశ్న. మానేసినవాళ్లలో మతిమరుపు ఉందో లేదో మేమే చూడొచ్చా? ఎప్పుడు చూడాలి?

సైకాలజీ_ఓపీ

చూడొచ్చు సిస్టర్, కానీ తొందరపడితే తప్పు ఫలితం వస్తుంది. మానేసిన మొదటి రెండు వారాల్లో నిద్రలేమి, గోళీల మగత, దిగులు అన్నీ కలిసి అందరి మార్కులూ తగ్గిస్తాయి. వాటిని చూసి "నీ మెదడు పాడైంది" అంటే మనిషి మళ్లీ షాపుకే వెళ్తాడు. కనీసం మూడు నాలుగు వారాలు ఆగండి.

సంబంధం లేని మూడు మాటలు చెప్పండి, ఉదాహరణకు నాగలి, గులాబీ, కిటికీ. మూడూ తిరిగి చెప్పించుకోండి. తర్వాత ఐదు నిమిషాలు వేరే పని పెట్టండి: ఈరోజు ఏ వారం, ఏ నెల, వారాలు వెనక్కి చెప్పడం, ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తాయో చూడడం. ఐదు నిమిషాలయ్యాక ఆ మూడు మాటలు అడగండి. రాకపోతే "పువ్వుల్లో ఒకటి" అని అందించండి. అందిస్తే వచ్చాయంటే చాలావరకు శ్రద్ధ తగ్గింది, కోలుకునే అవకాశం ఎక్కువ. అందించినా రాకపోతే, లేదా అసలు చెప్పని మాటలు నమ్మకంగా చెప్తే, ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రికి పంపండి. అక్కడ తెలుగులో ఉన్న అడెన్‌బ్రూక్స్ అనే జ్ఞాపకశక్తి, ఆలోచనల పరీక్ష చేయించవచ్చు. బీ12, థైరాయిడ్, షుగర్ కూడా చూస్తారు. పగలు మగత, రాత్రి మెలకువ, చేతులు ముందుకు చాపితే మణికట్లు రెక్కల్లా కొట్టుకోవడం ఉంటే అది మతిమరుపు కాదు, లివర్ నుంచి అమ్మోనియా మెదడుకు ఎక్కడం. అదే రోజు పంపాలి.

దూరమై వెళ్లలేనివాళ్లకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు, మత్తు మాన్పించే కేంద్రాల సమాచారానికి 14446. పరీక్ష చేసే రోజు కళ్లద్దాలు తెచ్చుకోమనండి, మనిషి ఎంతవరకు చదివాడో కాగితం పైనే రాయండి. బడి ముఖం చూడని రైతుకూ డిగ్రీ చదివినవాడికీ ఒకే గీత పెట్టకూడదు. మూడు నెలలకు అవే ప్రశ్నలు వేరే మూడు మాటలతో మళ్లీ అడిగి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అతనికే చూపించండి.